తిబెరియలో, ఒక అన్నగారి సమాధి దగ్గర

మా కోనసీమ నుంచి పవిత్రభూమి యాత్రకు బయలుదేరిన బృందంలో అందరికీ గలిలయ సముద్రం ఒడ్డునున్న తిబెరియ రెండు రాత్రుల బస మాత్రమే. నేను ఈ యాత్రకు డబ్బు కట్టడానికి అసలు కారణం ఆ ఊరే. కపెర్నహూము, గలిలయ సముద్రం మీద పడవ, మధ్యాహ్నం పళ్ళెంలో తలతో సహా వడ్డించే పేతురు చేప, వీటి గురించి రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు. రెండో రోజు తెల్లవారాక, బస్సు కదిలేలోగా నాకు దొరికిన గంటన్నర గురించే రాయాలనుకుంటున్నాను.

మా తమ్ముడు మస్కట్‌లో పని చేస్తూ పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. పెట్టె శంషాబాద్ చేరడానికి పదకొండు రోజులు పట్టింది. దాని మీద అంటించిన కాగితంలో మా ఇంటిపేరు తప్పుపడింది. ఆ ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికి మరో పూట పట్టింది. సమాధి కార్యక్రమంలో పాస్టరు గారు యోబు మాట చదివారు: "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక." చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనమే అయినా ఆ రోజు గొంతు కలపలేకపోయాను. నాలో విశ్వాసం సన్నగిల్లిందని బంధువులు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మాట యోబుదే కనుక, యోబు గ్రంథాన్ని తరతరాలుగా మూలభాషలో చదువుకుంటున్న యూదులు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చావు కబురు విన్నప్పుడు వారు దేవుణ్ణి "సత్యమైన న్యాయాధిపతి" అని స్తుతిస్తారు. మేలుకు స్తుతించినట్లే కీడుకూ స్తుతించాలన్నది వారి ప్రాచీన ధర్మ సంకలనమైన మిష్నా విధి. అక్కడితో ఆగి ఉంటే నాకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండేది కాదు. వెతుకుతూ పోగా రంబామ్ అని వారు పిలుచుకునే యూదు పండితుడు మైమొనిదీస్ దగ్గరికి, ఆయన తమ్ముడు దావీదు దగ్గరికి చేరాను.

మైమొనిదీస్ స్పెయిన్‌లోని కొర్దోబాలో పుట్టి, ఈజిప్టులో స్థిరపడి, 1204లో చనిపోయాడు. ఆయన చదువుకుంటూ గ్రంథాలు రాస్తూ కూర్చోగలిగాడంటే, బజారులో తిరిగి సంపాదించి పెట్టిన తమ్ముడి పుణ్యమే. ఆ దావీదు ఎర్ర సముద్రపు రేవైన ఐదాబ్ నుంచి అన్నకు రాసిన ఉత్తరం ఒకటి కైరోలోని యూదుల సమాజమందిరంలో పాత కాగితాలు పడేసే గదిలో శతాబ్దాలు నిలిచి, ఇప్పుడు కేంబ్రిడ్జిలో ఉంది. రేవులో నీలిమందు తప్ప కొనదగిన సరుకేదీ కనబడలేదని, అందుకే ఓడ ఎక్కి ఇండియాకు పోతున్నానని రాశాడు. బెంగ పెట్టుకోవద్దని, ఎడారిలో కాపాడినవాడు సముద్రంలోనూ కాపాడతాడని, ఇంట్లో ఆడవాళ్ళను భయపెట్టవద్దని కూడా రాశాడు. ఆ ప్రయాణంలోనో, తరువాతి మరొక ప్రయాణంలోనో, హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. మా వాడి చివరి వాట్సాప్ సందేశం నా ఫోనులో ఇంకా ఉంది: "నేను బాగానే ఉన్నా అన్నయ్యా, దేవుడు చూసుకుంటాడు, అమ్మకు మాత్రం చెప్పకు." దావీదు ఇటు వస్తూ పోయాడు, మా వాడు అటు వెళ్ళి పోయాడు.

ఆ మైమొనిదీస్ సమాధి తిబెరియ ఊరి నడుమనే ఉంది. తలపై ఏదో ఒకటి ఉండాలి కనుక జేబురుమాలు కట్టుకుని లోపలికి నడిచాను. దారికి రెండు వైపులా నల్లని స్తంభాలు, పైన ఎర్రని ఇనుప కమ్మీల నిర్మాణం, దాని కింద సున్నం పూసిన పొడవాటి సమాధి. దాని మీద గులకరాళ్ళు. పూలకు బదులుగా యూదులు రాళ్ళే పెడతారు. స్త్రీలవైపు ఒక ముసలావిడ కీర్తనల పుస్తకాన్ని ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, పెదవులు మాత్రమే కదుపుతూ చదువుతోంది. పుట తిప్పేటప్పుడు వేలు తడుపుకోవడం మా నాయనమ్మను గుర్తుకు తెచ్చింది.

దావీదు పోయిన చాలా ఏళ్ళకు, 1190 ప్రాంతంలో ముగించిన "సందిగ్ధులకు మార్గదర్శి" అనే గ్రంథంలో దైవసంరక్షణ గురించి చెబుతూ మైమొనిదీస్ ఓడనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఓడ మునగడం యాదృచ్ఛికమే అనుకున్నా, అందులోని మనుషులు ఆ ఓడ ఎక్కడం యాదృచ్ఛికం కాదని, అది వారి యోగ్యతను బట్టి దేవుడిచ్చే తీర్పని, ఆ తీర్పు లెక్క మన బుద్ధికి అందదని రాశాడు. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. యోగ్యత అన్న మాట నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. కానీ అదే మనిషి అక్కో అనే రేవు పట్టణంలోని ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, తమ్ముడి కబురు తెలిసిన నాటి నుంచి దాదాపు ఏడాది పాటు జ్వరంతో, కురుపులతో మంచం పట్టానని, ఎనిమిదేళ్ళయినా ఊరట కలగలేదని, వాడి చేతిరాత కంటబడితే గుండె తలకిందులవుతుందని చెప్పుకున్నాడు. తీర్పు న్యాయమైనదని రాసిన చేయీ, ఓదార్పు లేదని రాసిన చేయీ ఒక్కటే. ఒకదాని కోసం మరొకదాన్ని దిద్దాలని ఆయనకు అనిపించలేదు.

ఈ తిబెరియలోనే మూడో శతాబ్దంలో రబ్బీ యోహానాన్ అనే యూదు గురువు బోధించాడు. పదిమంది కొడుకులను పోగొట్టుకున్నవాడు. పదోవాడి ఎముకను వెంట పెట్టుకుని తిరిగేవాడని, మిష్నా మీద యూదు గురువుల చర్చల గ్రంథమైన తాల్ముద్ చెబుతుంది. ఆయన జబ్బుపడిన శిష్యుణ్ణి చూడబోయి, ఈ బాధలు నీకు ప్రియమేనా అని అడిగాడు. అవీ వద్దు, వాటి వల్ల వచ్చే ప్రతిఫలమూ వద్దన్నాడు శిష్యుడు. ఆ మాటకు గురువు మందలించలేదు. చెయ్యి ఇమ్మని అడిగి లేవదీశాడు. తరువాత తానే జబ్బుపడినప్పుడు మరొకరు వచ్చి అదే ప్రశ్న అడిగితే, ఆయనా అదే జవాబిచ్చాడు, ఆయనకూ మరొకరి చెయ్యే కావలసి వచ్చింది. ఖైదీ తనను తాను చెరసాల నుంచి విడిపించుకోలేడని తాల్ముద్ దానికి కారణం చెబుతుంది. మా ఇంటి కార్యక్రమానికి వచ్చినవారిలో ఎక్కువమంది వచనాలు చెప్పి వెళ్ళారు. మా పాలేరు ఒక్కడే ఏమీ అనకుండా రెండు గంటలు నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

ముంజేతి గడియారం చూసుకుని, దారిలో ఏరిన గులకరాయిని సమాధి అంచున పెట్టాను. అది జారి పడింది. మళ్ళీ తీసి, ఈసారి మరో రెండు రాళ్ళ మధ్య ఇరికించాను. యోబు వచనం పెదవుల దాకా వచ్చింది, "తీసికొనిపోయెను" వరకు పలికాను.

బస్సులో అందరూ కూర్చునే ఉన్నారు. పక్క సీటులోని రాజోలు చెల్లెమ్మ జరిగి చోటిస్తూ, "పొద్దున్నే ఎక్కడికెళ్ళారు అన్నయ్యా?" అంది.

"ఇక్కడొక సమాధి ఉంటే చూసొచ్చానమ్మా."

"ఎవరిది?"

"తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒక పెద్దాయనది," అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా తన సంచిలోంచి ఒక నారింజ తీసి, ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది.