1/70 చట్టం నాకు అర్థమైంది సంతలో

గ్రూప్-1 మెయిన్స్‌కి కూర్చునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. గిరిజన అభివృద్ధి టాపిక్ ఎలా చదివావని మీలో చాలామంది అడుగుతున్నారు. నాకు జరిగిందే చెబుతాను.

మొదటి అటెంప్ట్‌లో దీన్ని రెండు పేజీల నోట్స్‌తో సరిపెట్టాను. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) 1956, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం 1996, అటవీ హక్కుల చట్టం 2006, ఐటీడీఏల (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల) పేర్లు. పరీక్షకు ముందు రాసిన ఒక టెస్టులో "ఇన్ని చట్టాలున్నా గిరిజనుల భూమి ఎందుకు చేజారుతోంది?" అని అడిగారు. నా దగ్గర సంవత్సరాలున్నాయి గానీ జవాబు లేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నా రూమ్మేట్‌ది విశాఖ మన్యంలో చింతపల్లి వైపు ఊరు. ఎండలు మొదలయ్యే రోజుల్లో వాళ్లింటికి వెళ్లి, వారపు సంత చూశాను. ఒక ముసలావిడ గింజ తీసి, ముద్ద కట్టిన చింతపండు రెండు గంపలు తెచ్చింది. షావుకారు కాటా పెట్టాడు, ఏదో పుస్తకం తిరగేశాడు, నాలుగు నోట్లు చేతిలో పెట్టాడు. ఆవిడ లెక్క అడగలేదు. ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని కొండెక్కింది. "వానల్లో బియ్యానికి తెచ్చిన అప్పు అమ్మా, చింతపండుతో తీరాలి" అంది నా రూమ్మేట్ వాళ్లమ్మ. తీరకపోతే? "పూర్వం భూమి పోయేది."

అక్కడి నుంచి చట్టాలు వరసగా అర్థమయ్యాయి. 1917 మద్రాసు చట్టం ఏజెంటు (ఏజెన్సీని చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి ఉంటే గిరిజనేతరులకు భూమి అమ్మనిచ్చింది. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ తర్వాత కూడా బేరాలు ఆగలేదు. అందుకే 1970లో సవరించారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను రుజువు చేసుకునే దాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. దీన్నే మనం 1/70 అంటాం. దానికీ బినామీ అనే సందు దొరికింది: పేరు గిరిజనుడిది, అనుభవించేది వేరొకరు. జవాబులో ఈ మాట తప్పకుండా రాయండి.

1997 సమతా తీర్పును బొర్రా దగ్గరి గనుల కథగా చదవండి. ఈ చట్టం కింద ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి'యే, కాబట్టి అది కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నిసార్లు చదివినా నాకు గుండె నిండుతుంది.

పోలవరం దగ్గర మాత్రం పరిహారం లెక్కలతో ఆగిపోకండి. కోయలకు, కొండరెడ్లకు అడ్డాకు, విప్పపువ్వు, వెదురు ఇచ్చే అడవి కూడా మునుగుతుంది. దానికి పట్టా లేదు, కాబట్టి ధర కట్టేవాళ్లూ లేరు. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం. అభివృద్ధి ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవాళ్లలో మాత్రం సుమారు 40 శాతం వాళ్లేనని గిరిజనుల స్థితిగతులపై కేంద్రం వేసిన ఖాఖా (Xaxa) కమిటీ 2014లో చెప్పింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాయండి చాలు.

మంచి ఉదాహరణ కావాలంటే అరకు కాఫీ ఉంది. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. తోట గిరిజనుడి చేతిలోనే ఉంది, కొనడానికి షావుకారుతో పాటు జీసీసీ కూడా వస్తుంది.

తెలంగాణ రాసేవాళ్లు ఇదే వరసలో జోడేఘాట్, ఇంద్రవెల్లి చదవండి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీమ్ ప్రాణమిచ్చింది, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభకు కదిలి పోలీసు తూటాలకు ఎదురు నిలిచింది, రెండూ భూమి కోసమే.