ఒకసారి కాలు ఇచ్చాం కదా!

జ్వరం పోయింది, పుండు మానింది, కృత్రిమ కాలి పైభాగంలో మొండికాలు దూరే గిన్నెలాంటి తొడుగును సాకెట్ అంటారు. కొత్త సాకెట్‌లో నా మొండికాలు కుదురుకుంది. కోపం మాత్రం మిగిలింది, అందుకే రాస్తున్నాను.

నేను సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాను. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యం సరిహద్దుకు కదిలింది. యుద్ధం రాలేదు కానీ మందుపాతరలు పాతాం, తర్వాత మేమే వాటిని తీశాం. రాజస్థాన్ ఇసుక గాలికి కదిలిపోతుంది. పటంలో గుర్తు పెట్టిన చోటే మందుపాతర ఉంటుందన్న నమ్మకం లేదు. 2002లో నా ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ వాళ్లు మళ్లీ నడిపించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో మొదలైన కేంద్రం అది. అక్కడివారికి ఈనాటికీ చేతులెత్తి దండం పెడతాను.

నా ఫిర్యాదంతా ఆ తర్వాతి కాళ్ల గురించే. కృత్రిమ కాలు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. సాకెట్ అంతకన్నా ముందే పనికిరాకుండా పోవచ్చు, ఎందుకంటే కండ తగ్గి మొండికాలు సన్నబడుతుంది. వదులైన సాకెట్‌లో మేజోడు మీద మేజోడు తొడిగి నెట్టుకొస్తాం. ఆ రాపిడికి చర్మం లేచిపోతుంది.

కొత్త సాకెట్ మంజూరు కోసం నగరంలోని ఒక కార్యాలయంలో కాగితాలు పెట్టాను. బల్ల బల్లకూ ఒక సంతకం. చివరి బల్ల దగ్గరాయన ఫైలు తిప్పి, తలెత్తకుండానే, ‘ఒకసారి కాలు ఇచ్చాం కదండీ, మళ్లీ ఎందుకు?’ అన్నాడు. పక్కాయన నవ్వాడు. ఆ మాట అన్నాయన పెట్టుకున్న కళ్లద్దాలు ఎన్నో జతవో అడగాలనిపించింది. అడిగితే ఫైలు అక్కడే ఉండిపోతుందని ఊరుకున్నాను. ఊరుకున్నా అది కదల్లేదు.

పుండు చీము పట్టింది. చలిజ్వరంతో సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో చేరాను. రాత్రి సర్జన్ వచ్చి, ఎరుపు ఎంతవరకు పాకిందో చూసి, మోకాలి కింద పెన్నుతో చుట్టూ గీత గీశారు. ‘తెల్లారేసరికి ఎరుపు ఈ గీత దాటి పైకి వెళ్తే మోకాలు కాపాడటం కష్టం’ అన్నారు. కటువుగా చెప్పలేదు, దాచనూ లేదు. మోకాలు ఉండటమూ లేకపోవడమూ ఎంత తేడానో నాకు తెలుసు. మోకాలు పోతే అడుగు అడుగుకూ ఆయాసం పెరుగుతుంది, కాలి ఖరీదూ పెరుగుతుంది.

మందుపాతరలు ఏరేటప్పుడు నేల శుభ్రం చేసినంత మేర తెల్ల టేపు పరిచేవాళ్లం. టేపు ఇవతల బతుకు, అవతల చావు. ఆ రాత్రి నా కాలి మీది గీత సరిగ్గా అదే. మా ఆవిడ ఫోను టార్చి వేసి, చూసి, ఆర్పి, మళ్లీ వేసేది. ‘ఇక్కడే ఉందండీ, దాటలేదు’ అనేది. నిజమే చెబుతోందా అని నాకు అనుమానం. లేని పాదంలో మాత్రం బొటనవేలు మెలితిప్పుతున్నట్టు నొప్పి. కేరళ నర్సమ్మ ఒకావిడ తన డ్యూటీ అయిపోయినా వెళ్లకుండా నుదుటిపై తడిగుడ్డ మార్చింది. ఆమె పేరు అడగడం తట్టలేదు.

ఆ చీకట్లోనే మా ఆవిడ ఉజ్జయిని మహంకాళికి బోనం మొక్కుకుంది. ఆ గుడి కథ జంటనగరాల వాళ్లకు తెలిసిందే. సైన్యంలో పనిచేసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా వచ్చిందని విని మొక్కుకున్నాడు, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడు. సిపాయి మొక్కు అమ్మకు కొత్త కాదు. తెల్లవారింది. ఎరుపు గీత దగ్గరే ఆగింది. అది మందు మహిమో తల్లి మహిమో విడదీసే ఓపిక నాకు లేదు.

కోలుకోవడం మామూలే: చీము తీయడం, చేతికర్రలు, పోత అచ్చు, రెండు కడ్డీల మధ్య నడక. సాకెట్ డబ్బు మాత్రం పాత బెటాలియన్ వాళ్లు పోగుచేసి పంపారు. ‘అన్నా, లెక్క అడగొద్దు’ అన్నారు. కళ్లనీళ్లు వచ్చాయి, మరుక్షణం ఒళ్లు మండింది. పెన్షనర్లు చందాలేసుకుంటేనా నేను నడవాలి?

మనవాళ్లకు దాతృత్వం తక్కువని అనను. కార్గిల్ రోజుల్లో ఈ నగరం హుండీలు పట్టుకుని తిరిగింది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న పతాక దినోత్సవానికి విరాళాలు ఇస్తూనే ఉన్నారు. కానీ జేబులు ఎక్కువగా తెరుచుకునేది నెత్తురు కనబడినప్పుడే. ఇరవై ఏళ్ల తర్వాత లైనరు, అంటే సాకెట్ లోపల మొండికాలికి తొడిగే మెత్తటి తొడుగు, చిరిగితే ఫోటో తీసేదెవరు? యుద్ధాల్లో కాళ్లు పోయిన పిల్లల సంగతి ఇంకా కష్టం, ఎదిగేకొద్దీ కాలు మారుస్తూ ఉండాలి. కాబూల్‌లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ వారి కృత్రిమ అవయవాల కేంద్రానికి 1990లో వచ్చిన ఇటలీ ఫిజియోథెరపిస్టు అల్బెర్టో కైరో దాన్ని దశాబ్దాల పాటు నడిపారు. వికలాంగులకే అక్కడ కొలువులిచ్చారు. అలా ఏళ్ల తరబడి తలుపులు తెరిచి ఉంచేందుకే డబ్బు ఇవ్వండి.

నాలాంటివారికి ఒక మాట. రోజూ రాత్రి అద్దం పెట్టి మొండికాలు అడుగుభాగం చూసుకోండి. కాలు విప్పాక కాసేపటికి కూడా ఎరుపు తగ్గకపోతే మరునాడు తొడగకండి. లైనరు రోజూ కడిగి ఆరబెట్టండి. సాకెట్ వదులైతే మేజోళ్లు పెంచుకుంటూ పోకుండా చూపించుకోండి.

నా ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ సాకెట్ కూడా కొన్నాళ్లకు వదులవుతుంది కదా, దాని తర్వాతిదానికి దరఖాస్తు ఇప్పుడే రాసి పెట్టాను. తేదీ వేయడమే మిగిలింది.