మా పాపకు కాశీమజిలీ పుస్తకం తెచ్చిన తిప్పలు

నిన్న రెండో భాగం కూడా ఇంటికి వచ్చింది. మొదటి భాగం కోసం పడ్డ అవమానం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

మాది మిర్యాలగూడ. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. లైబ్రరీ సభ్యత్వం ఫారం, ఫొటోలు, ఆధార్ జిరాక్స్, డిపాజిట్ అన్నీ పావుగంటలో అయిపోయాయి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు మొదటి భాగం బీరువాలో దొరికింది. తిప్పలన్నీ కౌంటర్ దగ్గరే.

"ఎవరికి మేడం?" అన్నాడాయన. పాపకన్నాను.

"గిది పెద్దోళ్లు చదివేది. పిల్లలకేం సమజైతది? ఆ రాక్‌ల బొమ్మల పుస్తకాలున్నయి, తీస్కోండ్రి."

నేను చదివి వినిపిస్తానన్నా వినలేదు. ఒక పేజీ తెరిచి పాప ముందు పెట్టి "ఏదీ, చదువు చూద్దాం" అన్నాడు. అంతా గ్రాంథికం. రెండో మాట దగ్గరే పాప ఆగిపోయింది. గ్రూప్స్‌కు చదువుకుంటున్న వాళ్లు తలలెత్తి చూశారు, ఒకరు నవ్వారు. పాప నా కొంగు పట్టుకుని "పోదాం పా అమ్మా" అంది. నా కార్డు మీద నేను తీసుకునే పుస్తకానికి పాపకు పరీక్ష దేనికి? గట్టిగా అడిగి నా పేరు మీదే రాయించుకున్నాను. ఇల్లు చేరేదాకా పాప నోరు విప్పలేదు.

ఆ రాత్రే మొదలుపెట్టాను. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతుంటే తోడు నడిచేది ఒక పశువుల కాపరి. దారిలో కనిపించిన వింతకు మజిలీలో కథ చెప్పాలన్నది అతని షరతు. పన్నెండు భాగాల కథలు విన్నది పండితుడు కాదు, పశువులు కాసుకునే వాడు! ఆ మాట చెప్పగానే పాప లేచి కూర్చుంది.

గ్రాంథికాన్ని మన మాటల్లోకి మార్చి చెప్పాను. కథలో కథ, దాని కడుపులో ఇంకో కథ. మూడో రాత్రి నేనే తప్పిపోయాను. పాప మాత్రం పాత క్యాలెండర్ వెనక పేర్లు రాసి గీతలు కలిపి పెట్టుకుంది. "ముందు కథ ఇంకా అయిపోలేదు కదమ్మా" అని నాకే గుర్తు చేసింది. పిల్లలను ఆపేది భాష, కథ చిక్కుదనం కాదు. దేవరకొండ దగ్గర మా అమ్మగారి ఊళ్లో ఒగ్గువాళ్లు రాత్రంతా బీరప్ప కథ చెబుతుంటే నిద్రపోకుండా విన్నది మేం పిల్లలమే. ఇంగ్లీషులో టోల్కీన్ రాసిన 'ది హాబిట్' 1937లో అచ్చయింది. అంతకుముందు ఏడాది దాని రాతప్రతిని చదివి బాగుందని రాసిచ్చింది ప్రచురణకర్త పదేళ్ల కొడుకు. అక్కడ పిల్లవాడి మాట విన్నారు, ఇక్కడ పిల్లదాన్ని నలుగురిలో నిలబెట్టారు.

మీరూ మొదలుపెడితే, మధ్యాహ్నమే ఒకసారి చదువుకోండి. శృంగారం ఉన్న చోట్లు దాటేయవచ్చు. అర్థమైందా అని మాత్రం అడగొద్దు. వాళ్లే అడుగుతారు, జవాబులు సిద్ధంగా పెట్టుకోండి.

నిన్న పాప లైబ్రరీకి రానంది. బతిమాలి తీసుకుపోయాను. కౌంటర్‌లో ఆయనే. ఈసారి మాట్లాడకుండా స్టాంపు వేశాడు. పుస్తకం పాపే పట్టుకుంది. బండెక్కగానే వాపసు తేదీ చూసి, రోజుకు ఎన్ని పేజీలు చదవాలో లెక్క మొదలుపెట్టింది.