మహేశ్వరం తీగల కింద

బంగ్లాదేశ్‌లోని భేరామారాలో ఏసీ (ఇటూ అటూ ఊగే) కరెంటును డీసీగా (ఒకే వైపు పారేదిగా) మార్చి మళ్లీ ఏసీ చేసే స్టేషను ఎందుకు కట్టారని అడిగితే, ముప్పై ఏళ్లు హైటెన్షన్ లైన్లు వేయించి రిటైరైన మా బాబాయి ఇంట్లో కూర్చుని జవాబు చెప్పలేదు. "మహేశ్వరం పోదాం పద" అని ఆదివారం పొద్దున్నే బయల్దేరదీశారు. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ దాటి, తుక్కుగూడలో చాయ్ తాగి వెళ్లేసరికి అక్కడ తుంపర పడుతోంది.

అనుమతి లేదు కనుక సబ్‌స్టేషన్ లోపలికి వెళ్లలేదు. వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా వచ్చే 765 కేవీ లైనుకు కాస్త ఎడంగా, పొలం గట్టు మీద నిలబడ్డాము. కాగే నూనెలో తడి కరివేపాకు వేసినట్టు తీగలు చిటచిటమంటున్నాయి. తీగల చుట్టూ గాలిలోకి కాస్త కాస్త కరెంటు జారడం వల్ల వచ్చే చప్పుడట అది; అలా జారడాన్ని కరోనా అంటారట. మహమ్మారి రాకముందు నుంచీ లైను మనుషులకు అది రోజువారీ మాటే.

2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనులోకి కరెంటు వదిలేదాకా మన దక్షిణాది గ్రిడ్ కూడా మిగతా దేశానికి పరాయిదేనని బాబాయి గుర్తుచేశారు. రెండువైపులా కరెంటు సెకనుకు 50 సార్లు ఊగేదే (50 హెర్ట్జులు) అయినా ఆ ఊపుల లయ వేరు కనుక నేరుగా కలపడం కుదరక, గాజువాకలోనూ చంద్రపూర్ దగ్గరి భద్రావతిలోనూ కరెంటును లయతో పనిలేని డీసీగా మార్చి అక్కడే మళ్లీ ఏసీ చేసే బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్లు పెట్టి, వాటి గుండా కరెంటు ఇచ్చిపుచ్చుకునేవారు. అదే 2013లో పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుంచి 400 కేవీ లైను సరిహద్దు దాటినప్పుడు భేరామారాలోనూ ఆ పద్ధతినే పాటించారు: మొదట 500 మెగావాట్లు, 2018లో మరో 500. నడుమ డీసీ ఉంటే, ఒక గ్రిడ్ కుప్పకూలినా రెండోదాన్ని వెంట లాగదు. నేపాల్ సంగతి వేరు. ముజఫర్‌పూర్–ఢల్కేబర్ లైను ఏసీగానే వెళ్తుంది, ఆ దేశం మనతో ఒకే లయలో నడుస్తుంది.

2024 నవంబరులో నేపాల్ 40 మెగావాట్లను మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు అమ్మింది. హిమాలయాల నీటి కరెంటే ఢాకా చేరిందా అన్నాను. "చెరువులో ఈ గట్టున బిందెడు పోసి, ఆ గట్టున బిందెడు ముంచుకున్నారు, అంతే" అన్నారు బాబాయి. మా సంభాషణంతటిలో నాకు బాగా నచ్చిన మాట అది.

ఒప్పందాల కన్నా టవరు కాళ్లకు చోటు సంపాదించడమే కష్టమని ఆయన చెబుతుండగా, మొక్కజొన్న చేనులోంచి ఒక రైతు వచ్చాడు.

"పరిహారం సంగతి చూడనీకి వచ్చిండ్రా సారూ?"

కాదని, తాను రిటైరయ్యానని బాబాయి చెప్పినా అతను వినలేదు. టవరు నాలుగు కాళ్ల నడుమ నాగలి తిరగని చోటును అడుగులతో కొలిచి చూపించాడు.