టాంటీ పెరట్లో గోంగూర

కరీబియన్ సముద్రంలోని చిన్న ద్వీపదేశం గ్రెనడాకి వచ్చిన రెండో వారంలో మా పెద్దాణ్ణి వీధి చివర కొట్టుకి బ్రెడ్డు తెమ్మని పంపాను. అప్పటికి వాడికి ఆరేళ్ళు. కొట్టు మా గుమ్మంలోంచి కనిపిస్తుంది, ఆ ధైర్యంతోనే పంపాను. పది నిమిషాలైనా రాలేదు. వెళ్ళి చూద్దును కదా, డబ్బులు గుప్పిట్లో పట్టుకుని కళ్ళనిండా నీళ్ళతో కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. కొట్టావిడ వాడి వంకే చూస్తోంది గానీ బ్రెడ్డు ఇవ్వట్లేదు. నన్ను చూసి "గుడ్ మార్నింగ్" అంది, నేనూ అన్నాను. మళ్ళీ వాడి వైపు తిరిగి "గుడ్ మార్నింగ్, డార్లింగ్" అంది. వాడు గొంతు పెగుల్చుకుని ఆ మాట అన్నాక అప్పుడు బ్రెడ్డు చేతిలో పెట్టి, పంచదారలో దొర్లించిన చింతపండు ఉండ ఒకటి ఊరికే ఇచ్చింది.

ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్తగా వచ్చిన పసివాణ్ణి ఇలా నిలబెడతారా అని మా ఆయన దగ్గర గంటసేపు గొడవ పెట్టుకున్నాను. మర్నాడు ఫోన్లో మా అత్తయ్యకి చెప్తే ఆవిడ తాపీగా, "అందులో తప్పేముందమ్మా, మనింటికెవరైనా వచ్చి మాటా పలుకూ లేకుండా గుమ్మంలో నిలబడితే నువ్వేమనుకుంటావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ కొట్టు, బ్యాంకు, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్, ఎక్కడికి వెళ్ళినా ముందు అక్కడున్న అందరినీ పలకరించాలి, ఆ తర్వాతే పని. చీకటి పడితే ఎదురుపడగానే "గుడ్ నైట్" అంటారు, అది వీడ్కోలు కాదు, పలకరింపు. ఇవాళ మా ఇద్దరు పిల్లలూ బస్సు ఎక్కుతూనే అందరికీ గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్తారు, బస్సులో ఉన్నవాళ్ళంతా తిరిగి చెప్తారు. బస్సంటే పెద్దది కాదు, మన ఊరి షేర్ ఆటోకి అన్నలాంటి వ్యాన్. దిగాల్సిన చోటు వస్తే పైన రేకు మీద టకటక కొట్టాలి. సీటు లేకపోతే మా చిన్నది ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ ఒళ్ళో కూర్చుని వచ్చేస్తుంది, ఆవిడకి అది వింతా కాదు, దీనికి కొత్తా కాదు.

మా ఆయన ట్రూ బ్లూ దగ్గరున్న మెడికల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తారు, అలా వచ్చి పడ్డాం. దేశం మొత్తం 344 చదరపు కిలోమీటర్లు. జనాభా లక్ష పైచిలుకు, అంటే నేను పుట్టి పెరిగిన తెనాలి కన్నా తక్కువ. మొదట్లో ఎవరు ఫోన్ చేసినా రెండే ప్రశ్నలు, కూరగాయలు దొరుకుతాయా, పిల్లలకి తెలుగు ఎలా అని. మొదటిదానికి త్వరగానే జవాబు దొరికింది. రెండోదానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక్కడున్న మన పిల్లలంటే ఎక్కువగా మెడిసిన్ చదువుకోవడానికి వచ్చిన స్టూడెంట్లే, చదువైపోగానే వెళ్ళిపోతారు. మా పిల్లల ఈడు తెలుగు పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని పెద్దాణ్ణి ఆన్‌లైన్‌లో శనివారం శనివారం తెలుగు క్లాసులో చేర్చాను. బయట ఎండ కాస్తుంటే, పక్కింటి పిల్లలు గోడ మీంచి పిలుస్తుంటే వీడు లోపల స్క్రీన్ ముందు కూర్చుని గుణింతాలు రాయాలి. శుక్రవారం రాత్రి నుంచే మొహం వేలాడేసేవాడు. ఒకసారి "అమ్మా, తెలుగు ఇంకెన్ని రోజులు ఉంటుంది?" అని అడిగాడు, జ్వరం ఎన్నాళ్ళుంటుంది అని అడిగినట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ సంగతి పక్కింటి టాంటీతో చెప్పుకున్నాను. టాంటీ అంటే ఇక్కడ పిన్నీ, అత్తా, పక్కింటి పెద్దావిడా అన్నీ. 1763 దాకా ఈ ద్వీపం ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉండేది, ఆ మాట ఆ కాలం నుంచి మిగిలింది. ఆవిడకి డెబ్భై దాటాయి. మా పిల్లల్ని "డూడూ" అని పిలుస్తుంది, మన "బంగారం" లాగా. ఆవిడ అంతా విని, వాళ్ళ నానమ్మ పాత్వా మాట్లాడేదని చెప్పింది. పాత్వా అంటే ఫ్రెంచి మాటలతో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల నోట్లో పుట్టిన భాష. ఒకప్పుడు ఇక్కడ ఊరూరా అదే. "పెద్దవాళ్ళు మాకు తెలియకూడని సంగతులన్నీ అందులో మాట్లాడుకునేవాళ్ళు. మాతో మాత్రం ఇంగ్లీషే. మేం వస్తే ఆపేసేవాళ్ళు. నానమ్మ పోయింది, దాంతో అదీ పోయింది. నాకు మిగిలింది నాలుగు తిట్లూ ఒక లాలిపాటలో సగం" అంది. ఆ సగం పాడి వినిపించింది కూడా.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, మేం చేస్తున్నదీ దాదాపు అదే. నేనూ మా ఆయనా డబ్బుల గురించి, ఊళ్ళో పొలం తగాదా గురించి తెలుగులో మాట్లాడుకుంటాం. పిల్లలు రాగానే "డిడ్ యూ ఫినిష్ యువర్ హోంవర్క్" అని మారిపోతాం. వాళ్ళకి తెలుగు అంటే శనివారం క్లాసూ, తలుపు వెనకాల గుసగుసలూ. ఆ నెలాఖరుకే క్లాసు మాన్పించేశాను. మా అన్నయ్య ఫోన్లో కోప్పడ్డాడు, పిల్లలకి అక్షరాలు కూడా రాకుండా చేస్తున్నావని. రెండేళ్ళు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. అయినా మాన్పించినందుకు నేను ఇప్పటికీ బాధపడను.

గోంగూర దొరికింది ఆ డిసెంబర్లోనే.

ఇక్కడ క్రిస్మస్ వచ్చిందంటే ప్రతి ఇంట్లో సారెల్ అని ఎర్రటి షర్బత్ చేస్తారు. అల్లం, లవంగం, దాల్చినచెక్క వేసి మరిగించి, పంచదార కలిపి, ఒక రాత్రి ఉంచి చల్లగా తాగుతారు, పెద్దవాళ్ళయితే కాస్త రమ్ము పోసుకుంటారు. మొదటి ఏడాది తాగినప్పుడే ఆ పులుపు ఎక్కడో తెలిసినట్టు అనిపించింది గానీ పోల్చుకోలేకపోయాను. ఆ డిసెంబర్లో టాంటీ వాళ్ళ పెరట్లోకి సారెల్ కాయలు కోయడానికి సాయం వెళ్ళాను. ఎర్ర కాడలు, అయిదు వేళ్ళు చాచిన చెయ్యిలాంటి ఆకులు, కణుపు కణుపుకీ ఎర్రటి మొగ్గల్లాంటి కాయలు. ఒక ఆకు తుంపి నోట్లో వేసుకున్నాను. నమ్మరు, ఆ మడిలోనే కూర్చుండిపోయాను. అది గోంగూర, అచ్చంగా మన ఎర్ర గోంగూర. మేం ఆకు తిని కాయ వదిలేస్తాం, వీళ్ళు కాయ తీసుకుని ఆకు పారేస్తారు. కోసిన కాడలన్నీ ఆకులతో సహా ఆ మూల కుప్పగా పడి ఉన్నాయి, రెండేళ్ళుగా నేను ఈ గోడకి ఇవతల కూర్చుని అమ్మ పంపిన గోంగూర సీసాని స్పూను స్పూనూ లెక్కపెట్టుకుని తింటున్నాను.

ఆ సాయంత్రం రెండు పెద్ద గంపల ఆకు ఇంటికి తెచ్చాం. అప్పుడు చిన్నదానికి ఇంకా మాటలు వస్తున్నాయి. నేల మీద చాప వేసి, మధ్యలో ఆకు పోసి, నలుగురం చుట్టూ కూర్చుని ఒలిచాం. ఒలుస్తుంటే నోరు ఊరుకోదు కదా, మా నానమ్మ గోంగూర ఎలా ఒలిచేదో, ముదురాకు వేస్తే ఎలా కసిరేదో చెప్తూ పోయాను. చెప్తున్నదంతా తెలుగే, ఎందుకంటే కాడ, ఈనె, ముదురు, లేత, కమ్మగా, జిగురు, ఇవన్నీ నాకు ఇంగ్లీషులో రావు. పెద్దాడు "ఇది లేతా, ముదరా?" అని ఒక్కో ఆకూ ఎత్తి చూపించి అడిగాడు. "ముదురు" అంటే అవతల పడేశాడు. అలా ఒక గంట. వాడి నోట్లోంచి అంత సేపు వరుసగా తెలుగు నేను అంతకుముందు వినలేదు. ఎండుమిర్చీ వెల్లుల్లీ వేయించి, ఆకు నూనెలో మగ్గనిచ్చి, రాతి రోలు లేదు కాబట్టి ఇక్కడి కర్ర రోట్లోనే నూరి, వేడన్నంలో పెట్టాను. టాంటీకి ఒక గిన్నె పంపితే ఖాళీ గిన్నె పంపలేదు, నిండా పచ్చి కందికాయలు పంపింది. వాటికీ ఇక్కడ అదే సీజను. పప్పుగా కొనుక్కోవడమే తప్ప చెట్టు మీది కందికాయ మా పిల్లలు అప్పుడే చూశారు.

అప్పటి నుంచి నేను చూసే చూపు మారింది. సముద్రం ఒడ్డున బాదం చెట్టు ఉంటే అది మా తెనాలి స్కూలు గ్రౌండ్లో ఉన్న బాదం చెట్టే, కాయని రాయితో పగలగొట్టుకుని పప్పు తినడం పిల్లలకి నేనే నేర్పాను. కల్లలూ అని వండుకునేది చేమాకు. బ్రెడ్‌ఫ్రూట్ అంటే సీమపనస. దాన్ని కొబ్బరిపాలల్లో పసుపు వేసి, చేమాకూ పిండి ముద్దలూ ఉప్పు మాంసమూ కలిపి పెద్ద గుండిగలో ఉడికిస్తారు, పాలన్నీ ఇంకి అడుగున నూనె మిగిలేదాకా. ఆయిల్ డౌన్ అని ఈ దేశపు వంటకం అదే. మేం మాంసం లేకుండా చేస్తాం, పిల్లలు దాన్ని సీమపనస కూర అనే అంటారు, స్కూల్లో ఆయిల్ డౌన్ అంటారు. గుయావ్ ఊళ్ళో జాజికాయల షెడ్డుకి వెళ్ళినప్పుడు పగిలిన కాయలోంచి ఎర్రటి వల లాంటిది విప్పి చూపిస్తే, బిర్యానీలో వేసే గోధుమరంగు జాపత్రి ఇదా అని నేను నోరు తెరిచాను. 2004లో ఐవన్ తుఫాను ఈ చెట్లలో చాలా వాటిని నేలకూల్చేసిందట, ఇప్పటికీ పెద్దవాళ్ళు ఏ సంగతి చెప్పినా ఐవన్‌కి ముందు, ఐవన్‌కి తర్వాత అనే చెప్తారు, మా వైపు దివిసీమ ఉప్పెన గురించి చెప్పుకున్నట్టు.

టాంటీ వాళ్ళ అమ్మ తరఫున ఒక ముత్తాత ఇండియా నుంచి వచ్చాడని ఆవిడ చాలా రోజులకి చెప్పింది. 1857 మే 1న కలకత్తా నుంచి కూలీలతో మెయిడ్‌స్టోన్ అనే ఓడ ఇక్కడికి వచ్చింది, 1880ల దాకా అలా మూడు వేల మందికి పైగా వచ్చారు. ఆయన ఏ ఊరివాడో, ఏ భాషో ఆవిడకి తెలియదు. ఇంట్లో చేసే రొట్టే, పసుపు వేసిన కూరా తప్ప ఇంకేం రాలేదు ఆ వైపు నుంచి. ఈ మాట ఆవిడ మామూలుగానే అంది. నాకే కడుపులో దేవినట్టయింది.

ఆదివారం పొద్దున్నే సముద్రస్నానం. గ్రాండ్ ఆన్స్ బీచ్ మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడి ముసలివాళ్ళు అలలు లేని నీళ్ళలో మెడ దాకా మునిగి నిలబడి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటారు. మన చెరువుగట్టు కబుర్లే, కాకపోతే నీళ్ళలో. పిల్లలు ఈత నేర్చుకున్నదీ వాళ్ళ మధ్యనే. ఇంటికొచ్చేసరికి ఇండియాలో సాయంత్రం అవుతుంది, తొమ్మిదిన్నర గంటల తేడా, తడి జుట్టుతోనే తాతయ్యకి వీడియో కాల్. వాళ్ళ తెలుగులో ఈ ద్వీపపు యాస కలిసిపోయింది, వాక్యం చివర పాటలా పైకి లేస్తుంది. మా నాన్నగారికి మొదట్లో అర్థమయ్యేది కాదు, ఇప్పుడు ఆయనే అలా లేపి మాట్లాడతారు.

జావెలిన్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2022 జులైలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. మాకు శనివారం రాత్రి. ఈ దేశపు కుర్రాడు ఆండర్సన్ పీటర్స్ 90.54 మీటర్లు విసిరి బంగారం గెలిచాడు, మన నీరజ్ చోప్రా 88.13 మీటర్లతో వెండి. వీధంతా హారన్లూ కేకలూ. మా పెద్దాడు కుర్చీ ఎక్కి గెంతుతున్నాడు. మా ఆయన మొహం మాడ్చుకుని "నువ్వెవరి వైపురా?" అన్నారు. వాడు గెంతడం ఆపేశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. మర్నాడు మా ఆయనే వాణ్ణి కూర్చోబెట్టుకుని, అలా అడగకుండా ఉండాల్సింది నాన్నా అన్నారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్. దానికి నెల ముందే, జులై 1న బెరిల్ తుఫాను మాకు ఉత్తరంగా ఉన్న కారియకూ ద్వీపాన్ని ఊడ్చేసింది, ఊళ్ళో అందరి మనసూ బరువుగా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం టాంటీ వాళ్ళింట్లో అందరం కలిసి చూశాం. బంగారం పాకిస్తాన్ అర్షద్ నదీమ్ కొట్టుకుపోయాడు, నీరజ్‌కి వెండి, పీటర్స్‌కి కంచు. మా పిల్లలకి మాత్రం రెండు పతకాలు వచ్చాయి. టాంటీ "మన అబ్బాయిలిద్దరూ" అని చిన్నదాన్ని ఎత్తుకుని తిప్పింది.

అక్షరాల సంగతి అన్నయ్య ఇప్పుడు అడగడం మానేశాడు. పెద్దాడు పుల్లలు ఏరుకున్నట్టు ఒక్కొక్కటే ఏరుకుని చదువుతాడు, మసాలా ప్యాకెట్ల మీదా, అమ్మ పంపిన పచ్చళ్ళ సీసాల మీదా. చిన్నది వాడిని చూసి రాయడం మొదలుపెట్టింది. మొన్న డిసెంబర్లో మళ్ళీ టాంటీ మెట్ల మీద కూర్చున్నాం, ఆవిడ కాయలు విప్పుతుంటే, మేం ఆకు ఒలుస్తుంటే, మధ్యలో ఒకే కాడలు. లోపలి గింజల్ని ఆవిడ ఎప్పుడూ పారేయదు. ఈసారి సగం మాకిచ్చింది, జూన్‌లో వానలు పడగానే వేసుకోమని. అవి మా వంటింటి కిటికీలో పాత హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. చిన్నది సీసాకి కాగితం అంటించి ఎర్ర స్కెచ్ పెన్నుతో పేరు రాసింది, "గోంగుర" అని. దీర్ఘం పెట్టలేదు. నేను దిద్దలేదు.