175 గ్రాములు ఎక్కడ కూర్చున్నాయి?

పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను విసిరి గొలుసుల బుట్టలో వేసే ఆట డిస్క్ గోల్ఫ్. దానికి డిస్క్ కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది “ఎన్ని గ్రాములు?” అనే. అడగాల్సిందే. కానీ హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో 175 గ్రాముల డిస్కులు రెండు తీసుకొని ఒకే చేత్తో, ఒకే బలంతో విసిరి చూడండి. ఒకటి కుడికి పొర్లిపోతుంది, ఇంకోటి తిన్నగా వెళ్లి ఎడమకు దిగుతుంది. తూకంలో తేడా లేదు. తేడా అంతా ఆ బరువు ఎక్కడ ఉంది, అంచు ఎట్లా చెక్కి ఉంది అన్నదాంట్లోనే.

కుమ్మరి సారెను గుర్తు తెచ్చుకోండి. పాత సారెకు అంచు చుట్టూ బరువు పెట్టేవాళ్లు. కర్రతో నాలుగు చుట్లు తిప్పి వదిలితే కుండ పూర్తయ్యేదాకా తిరిగేది. డిస్క్‌కూ అదే సూత్రం. తిరిగే వస్తువులో ఒక్కో గ్రాము ప్రభావం కేంద్రం నుంచి దాని దూరానికి వర్గంగా పెరుగుతుంది. మధ్య నుంచి 3 సెంటీమీటర్ల దగ్గరున్న గ్రాముకు 9 మార్కులు వేస్తే, 10 సెంటీమీటర్ల దగ్గరున్న గ్రాముకు 100 వేయాలి. బరువంతా సమంగా పరుచుకున్న పళ్లెం కన్నా, అదే బరువు మొత్తం అంచునే ఉన్న కడియానికి జడత్వం సరిగ్గా రెట్టింపు. అసలు డిస్కులు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటాయి. అచ్చు తయారుచేసేవాడు 10 గ్రాములు మధ్య నుంచి రిమ్‌కు, అంటే అంచుకు, జరిపితే తూకం మారదు, తిరుగుడు స్వభావం మాత్రం దాదాపు పదో వంతు మారుతుంది.

ఆ జడత్వంతో ఏం పని? తిరుగుతున్న బొంగరాన్ని వేలితో నెడితే అది నెట్టిన వైపు పడదు, దానికి అడ్డంగా వాలుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో వేసిన డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. వేగం మీద ఉన్నప్పుడు గాలి వెనక సగాన్ని ఎక్కువగా ఎత్తి, ముక్కును కిందికి వంచాలని చూస్తుంది. ఆ తోపు 90 డిగ్రీలు తప్పి కుడి వాలుగా బయటపడుతుంది. అది టర్న్. వేగం పడిపోయి డిస్క్ దిగడం మొదలయ్యాక గాలి ముందు సగాన్ని ఎత్తుతుంది, ఇప్పుడు వాలు ఎడమకు. అది ఫేడ్. గాలి ఎంత గట్టిగా తోస్తుందో అంచు ఆకారం తేలుస్తుంది. ఆ తోపుకు డిస్క్ ఎంత త్వరగా లొంగుతుందో అంచు బరువు, తిరుగుడు కలిసి తేలుస్తాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే “బరువు డిస్క్ అంటే ఓవర్‌స్టేబుల్”, అంటే గట్టిగా ఎడమకు వాలేది, అనే సగం నిజం ప్రచారంలో ఉంది. అండర్‌స్టేబుల్, అంటే తేలిగ్గా కుడికి తిరిగే, అచ్చులో 175 గ్రాములు పోసినా అది కుడికే తిరుగుతుంది, కాకపోతే నింపాదిగా తిరుగుతుంది.

బరువుకు పై హద్దు ఉంది. ఈ ఆట సంఘం పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) నియమం ప్రకారం డిస్క్ వ్యాసంలో (అడ్డుకొలతలో) ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కు (దూరం విసిరే డిస్క్‌కు) లెక్కవేస్తే 175 వస్తుంది. ఆ అంకె అందరి నోటా వినిపించేది అందుకే. కింది వైపు డ్రైవర్లు 150కి, ఇంకా కిందికీ దొరుకుతాయి. డిస్కులు చేసే ఇన్నోవా కంపెనీ వాళ్ల బ్లిజార్డ్ ప్లాస్టిక్‌లో సన్నటి గాలి బుడగలు కలిపి బరువు తగ్గిస్తారు. ప్లాస్టిక్ మందంగా ఉండేది రిమ్‌లో కాబట్టి తగ్గిన బరువులో పెద్ద వాటా అంచుదే. అందుకే అదే అచ్చులో తేలిక డిస్క్ త్వరగా టర్న్ అవుతుంది, ఎదురుగాలి కొడితే ఇంకా త్వరగా. దీనికి లాభమూ ఉంది. చేతి వేగం తక్కువున్న వాళ్లు 150–160 గ్రాముల డిస్క్‌ను దానికి కావలసిన వేగానికి తేలిగ్గా తీసుకెళ్లగలరు. బాగా తేలికవి నీళ్ల మీద తేలుతాయి కూడా. అట్లాగని భద్రకాళి చెరువు కట్ట మీద విసరకండి, అది నడకకు వచ్చేవాళ్ల చోటు.

అంచు బరువును సూటిగా పట్టుకున్నది ఎంవీపీ కంపెనీ. లోపలి భాగం ఒక ప్లాస్టిక్‌తో పోసి, దాని చుట్టూ బరువైన ఇంకో ప్లాస్టిక్ కడియాన్ని అతుకుతారు. చేత్తో పట్టుకుంటే రెండు రంగుల మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇట్లాంటి డిస్క్‌లో వాలు నిదానంగా వస్తుంది, నిజమే. కానీ ఇట్లాంటి డిస్క్‌ను తిప్పడానికి మణికట్టు బలం కాస్త ఎక్కువ కావాలి. తిరుగుడు ఇవ్వలేని చేతికి ఆ జడత్వం అక్కరకు రాదు. ప్రకటనల్లో చెప్పినంత తేడా మైదానంలో కనిపించదు. పార్టింగ్ లైన్ అర మిల్లీమీటరు మారితే కనిపించే తేడా ముందు ఇది చిన్నదే.

పార్టింగ్ లైన్ అంటే అచ్చు రెండు పలకలు కలిసిన చోట అంచు చుట్టూ మిగిలే సన్నటి గీత. అది ఎత్తులో ఉంటే ఓవర్‌స్టేబుల్, కిందికి ఉంటే అండర్‌స్టేబుల్. వంటగదిలోని గ్రానైట్ బండ మీద ఒకే అచ్చు డిస్కులు రెండు పక్కపక్కన బోర్లించి, కళ్లు బండ మట్టానికి దించి చూడండి. ఏ గీత పైనుందో తెలిసిపోతుంది. పైన డోమ్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి ఉబ్బు కూడా అట్లాగే పోల్చవచ్చు. ఉబ్బు ఎక్కువైతే గ్లైడ్ (గాలిలో తేలుతూ సాగడం) ఎక్కువ, చదునుగా ఉంటే త్వరగా నేలకు దిగుతుంది. రిమ్ అడుగున చిన్న గట్టులాంటి బీడ్ ఉంటే స్థిరత్వం ఇంకాస్త పెరుగుతుంది. అచ్చు ఒకటే అయినా పోతపోతకూ ఇవి మారడానికి కారణం చల్లార్చడం. కరిగిన ప్లాస్టిక్ చల్లబడుతూ కుంచించుకుపోతుంది. పల్చటి మధ్యభాగం, మందపాటి రిమ్ ఒకే వేగంతో చల్లబడవు, ఆ లాగుడుకు డోమ్ పైకి లేస్తుంది, లేదా చదునవుతుంది. డిస్క్ మీద అచ్చేసిన స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్ అంకెలు ఆ అచ్చుకు చెందినవే కానీ మీ చేతిలోని డిస్క్‌కు కావు.

వెనక సిరాతో రాసిన బరువును వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒకసారి సరిచూడండి. ఒకటి రెండు గ్రాములు తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. బరువు పెంచుదామని రిమ్‌కు టేపు చుట్టడం, నాణెం అతికించడం పోటీల్లో చెల్లవు. పైగా నాణెంతో బరువు ఒక పక్కకు చేరి డిస్క్ గజగజ ఊగుతుంది. అతుకు దగ్గర మిగిలిన పల్చటి ప్లాస్టిక్ పొరను సన్న గరుకు కాగితంతో కొద్దిగా రుద్దడానికి మాత్రం అనుమతి ఉంది.

మన దగ్గర అసలు శత్రువు నేల. మొరం, పరుపుబండ తగిలిన ప్రతిసారీ మామూలు ప్లాస్టిక్ అంచు గుండ్రబడుతుంది. కొంతకాలానికి తిన్నగా వెళ్లే డిస్క్ కుడికి తిరగడం మొదలుపెడుతుంది. బరువు పోయింది ఏ అర గ్రామో, పోయిందల్లా అంచు ఆకారం. డ్రైవర్లను పాలీయురేథేన్ రకం ప్రీమియం ప్లాస్టిక్‌లో, పుటర్లను (దగ్గరి నుంచి బుట్టలోకి వేసే డిస్కులను) మామూలు ప్లాస్టిక్‌లో తీసుకోవడం ఇక్కడి నేలకు సరిపోయే పద్ధతి. మే నెల ఎండలో కారులో వదిలేసిన డిస్క్ వంకర పోతుంది. చేయి పెట్టగలిగినంత వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చదును బండ మీద పుస్తకాల బరువు పెట్టి చల్లారనిస్తే ప్రీమియం ప్లాస్టిక్ చాలావరకు దారికొస్తుంది.

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచే సూచన ఉంటే 170కి పైనున్న ఓవర్‌స్టేబుల్ డిస్క్ తీయండి. ఎదురుగాలిలో డిస్క్‌కు తగిలే గాలి వేగం పెరుగుతుంది కాబట్టి ప్రతి డిస్కూ తన స్వభావం కన్నా ఎక్కువ టర్న్ అవుతుంది. వెనకగాలిలో ఇదే తలకిందులు, తేలికది, ఉబ్బుగా ఉన్నది నయం. వానాకాలం నల్లరేగడిలో ఆడితే ప్రతి విసురుకు ముందు రిమ్ లోపలి గాడిని గుడ్డతో తుడవాలి. ఒక పక్క అతుక్కున్న నాలుగైదు గ్రాముల మట్టి అంచు దగ్గర, ఎక్కువ మార్కులు పడే చోటే కూర్చుంటుంది.