ఆదివారం పని: చీటీల డబ్బా

ఆదివారం సాయంత్రం. చదివినందుకు మనకి మనమే ఇచ్చుకునే బహుమతుల చీటీలు వచ్చే వారానికి రాసి డబ్బాలో వేసుకోవాలి. లక్ష్యం గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష. తెలంగాణలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి రోజుకి రెండు గంటలు దొరికితే గొప్ప. ఫలితమేమో ఎప్పటికోగానీ రాదు. "ఉద్యోగం వస్తే బండి కొనుక్కుంటా" అన్న ఆశ ఇవాళ రాత్రి ఏడున్నరకి పుస్తకం తెరిపించలేదు. ఇవాళ చదివినదానికి ఇవాళే ఏదో ఒకటి చేతికి అందాలి.

దేనికి బహుమతి అన్నది ముందు తేల్చుకోవాలి. గంటలకి పెడితే కళ్లు పుస్తకం మీద, ధ్యాస ఎక్కడో. పేజీలకి పెడితే తేలిక చాప్టర్లే మళ్లీ మళ్లీ తిరగేస్తాం. మాక్ టెస్ట్ మార్కులకి అసలు పెట్టకూడదు. పేపర్ కష్టంగా వచ్చిందంటే, బాగా చదివిన వారం కూడా ఏమీ దక్కకుండా పోతుంది. అందుకే లెక్క ఇలా: 45 నిమిషాలు చదవడం, పుస్తకం మూసేసి 10 నిమిషాలు గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయడం. ఆ కాగితం ఉంటేనే చీటీ తీయాలి. చదివినట్టా కాదా అన్న బేరం అక్కడితో సరి. రోజుకి ఇలాంటివి రెండు, వారానికి ఐదు రోజులు, మొత్తం పది.

డబ్బా పద్ధతి అమెరికాలో వ్యసనాల చికిత్స నుంచి వచ్చింది. కనెటికట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త నాన్సీ పెట్రీ దాన్ని రూపొందించారు. ఆమె పద్ధతిలో డబ్బాకి బదులు గిన్నె, అందులో 500 చీటీలు. వాటిలో సగం మీద మెచ్చుకోలు మాట తప్ప ఇంకేమీ ఉండదు. 209 చిన్న బహుమతులకి, 40 పెద్దవాటికి, ఒకే ఒక్కటి అన్నిటికన్నా పెద్దదానికి. ఏం వస్తుందో తెలియకపోవడమే చెయ్యి మళ్లీ మళ్లీ గిన్నెలోకి వెళ్లేలా చేస్తుంది, ఖర్చూ అదుపులో ఉంటుంది.

ఇంటికి 20 చీటీలు చాలు. పదింటి మీద "భేష్". ఏడింటి మీద పదిహేను రూపాయల లోపు చిన్నవి: బయట అల్లం టీ, పల్లీ పట్టీ. రెండింటి మీద ఒక్కోటి వంద రూపాయలవి. ఒక్కటి నాలుగు వందలది. కలిపితే మహా అయితే 705, అంటే చీటీకి సగటున 35 రూపాయలు, వారానికి పది తీస్తే దాదాపు 350. అది బరువనిపిస్తే పెద్దదాన్ని 200కి దించాలి, సగటు పాతికకి వస్తుంది. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయడం మర్చిపోకూడదు. పెద్దది ఒకసారి బయటికొచ్చి అక్కడే ఉండిపోతే, మిగతావాటి మీద ఆసక్తి ఆ రోజుతోనే పోతుంది.

వరసగా మూడు రోజులు తప్పకుండా చదివితే మూడోరోజు ఒక చీటీ అదనం. ఒక రోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికి. అంతే, అప్పటికే గెలుచుకున్నది మాత్రం వెనక్కి తీసుకోకూడదు. శిక్ష కలిసిన డబ్బాని ఎవరూ ఎక్కువ రోజులు తెరవరు.

బహుమతులు ఏవి పెట్టాలో తెలియకపోతే గడిచిన వారం ఎవరూ చెప్పకుండానే ఏం చేశామో చూసుకుంటే చాలు. ఎక్కువ ఇష్టంగా చేసే పనిని తక్కువ ఇష్టమైన పని తర్వాత పెడితే ఆ తక్కువ ఇష్టమైన పని పెరుగుతుందని మనస్తత్వవేత్త డేవిడ్ ప్రేమాక్ 1959లో చూపించారు. హోంవర్క్ అయ్యాకే ఆట అని మన ఇళ్లలో అమ్మలు ఎప్పటినుంచో అమలు చేస్తున్నదే. అయితే తనంతట తాను ముగిసేదాన్నే ఎంచుకోవాలి. టీ గ్లాసు అయిపోతుంది, పాట అయిపోతుంది. రీల్స్ అయిపోవు. పది నిమిషాలనుకుని ఫోన్ పట్టుకుంటే రెండో సెషన్ గల్లంతే. "ఒక్క ఎపిసోడ్ చూసి మొదలుపెడతా" అనేది ఇంకో ఉచ్చు: ముందే అందేసిన బహుమతికి పని చేయించే బలం ఉండదు. ఇక భోజనం, నిద్ర, పిల్లలతో మాట్లాడటం డబ్బాలోకి రాకూడదు. అవి సంపాదించుకోవాల్సినవి కావు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఇష్టంగా చదివే సబ్జెక్టుకి చీటీ పెట్టకూడదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో అలా తగ్గలేదు. నాలుగో పేపర్‌లో తెలంగాణ ఉద్యమ చరిత్ర ఆసక్తిగా సాగుతుంటే దాన్ని అలాగే సాగనివ్వాలి. చీటీలు అవసరమయ్యేది మొదటి పేపర్ లెక్కలకి, మూడో పేపర్ ఆర్థిక వ్యవస్థకి, కూర్చోబుద్ధి కానివాటికి.

చీటీ తీయకుండానే రెండో సెషన్‌లోకి వెళ్లిపోయే రోజులు వస్తే, అప్పుడు రెండు కాగితాలకి ఒక చీటీ చేయాలి. ఆ తర్వాత మూడుకి. ఒక్కసారిగా డబ్బా ఎత్తేస్తే చదువు కూడా దానితోపాటే ఆగిపోవచ్చు.

రేపటి మొదటి కాగితం శాతాలు, రెండోది లాభనష్టాలు.